బంపర్ కన్నా ముందు బండి కింద చూడండి

మధ్యాహ్నం తమ్ముడి థార్ కోసం యాక్సెసరీస్ షాపుకెళ్లాం.
వాడి చూపంతా ముందు పెట్టే లావుపాటి ఇనుప బంపర్ మీదే.

నేను మాత్రం కింద కూర్చుని డోర్ల దిగువన బిగించే రాక్ స్లైడర్ల బ్రాకెట్లు చూశా.
బోల్టులు ఛాసిస్‌కి పడుతున్నాయా, బాడీ రేకుకా?
రాయి మీదకి ఎక్కినప్పుడు బండి బరువు ఆనేది అక్కడే. రేకుకి బిగిస్తే అది కాలు పెట్టి ఎక్కే మెట్టే, స్లైడర్ కాదు.

బంపర్ సంగతి వేరు.
గుద్దుకున్నప్పుడు నలగాల్సిన భాగం ఈ ఇనుప బంపర్ వల్ల నలగకపోతే, ఆ దెబ్బ లోపలున్నవాళ్లకీ, రోడ్డు మీద నడిచేవాళ్లకీ తగులుతుంది. ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా తెరుచుకోకపోవచ్చు కూడా.
2017 డిసెంబర్‌లోనే ముందు బిగించే ఇలాంటి బుల్ బార్లు, క్రాష్ గార్డుల మీద చర్యలు తీసుకోమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది.

బండి లుక్ కన్నా మనిషి ప్రాణం ముఖ్యం.
స్లైడర్లు మంచివి వేయించండి, కంపెనీ బంపర్‌ని అలాగే ఉంచండి.

మీ బండికి స్లైడర్లు వేయించారా? ఎలా బిగించారో కామెంట్లో చెప్పండి.