లాకు తలుపు

పదేండ్లుగా మాటలు లేని పెదనాన్నగారికి జబ్బని తెలిసి, 1957 కార్తీకమాసాన నాన్నగారు నన్ను వెంటబెట్టుకొని చెన్నపట్నం నుండి బకింగ్‌హాం కాలువ మీద పెదగంజాం వైపు పడవలో బయలుదేరారు. ఒకటే వాన. ఒక లాకులో పడవ చేరగానే వెనుక తలుపులు మూశారు.

“ముందు తలుపు తియ్యరాదా?” అని నాన్నగారు ఆత్రపడ్డారు.

“రెండువైపులా నీరు సమం కానిదే ఎందరు తోసినా రాదు బాబూ!” అన్నాడు సరంగు.

తూములెత్తగా నీరు లోనికి వచ్చి పడవను మెల్లగా పైకెత్తింది. పిమ్మట ఇద్దరు తోయగానే తలుపు తెరచుకొన్నది.

ఇల్లు చేరగానే నాన్నగారు మారుమాటాడక వంగి అన్నగారి పాదాలు తాకారు. పెదనాన్నగారు కన్నీటితో ఆయన తల నిమిరారు.

1965, 1966 తుపానులలో ఆ కాలువ దెబ్బతిన్నది. మూసిన తలుపులు మాత్రం మన ఇండ్లలో నేటికీ ఉన్నవి గదా!