బొమ్మకు ఊరుంది, పేరేదీ?

రాయపూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద కొండగావ్ వస్తుంది. బస్తర్ ధోక్రా బొమ్మలకు పేరుపడ్డ ఊరిది. ఇక్కడి ఘడ్వా కళాకారులు మట్టి ముద్ద మీద సన్నటి తేనెమైనపు దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే మూస పగలాల్సిందే. అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చం ఒకేలా ఉండవు.

ఒకప్పుడు వీరికి ప్రచారంతో పనిలేదు. దేవతా విగ్రహమో, నగో కావాల్సిన గోండులకు ఎవరింటికి వెళ్లాలో తెలుసు. చిక్కల్లా నగరవాసి కొనడం మొదలెట్టాకే వచ్చింది. షోరూంలో బొమ్మ దొరుకుతుంది, చేసినవాడి పేరు దొరకదు. అడిగితే ‘ట్రైబల్ ఆర్ట్’ అంటారు, అదేదో ఇంటిపేరైనట్టు.

2008లో బస్తర్ ధోక్రాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నకిలీల మీద ఫిర్యాదుకు అది అక్కరకొస్తుంది. అయితే అది కాపాడేది ప్రాంతం పేరును. సొంత పేరు సంపాదించుకున్నవారు కొద్దిమందే. వారిలో 2014లో కన్నుమూసిన జైదేవ్ బఘేల్ ముఖ్యులు. విదేశాల్లోనూ తన పనిని ప్రదర్శించిన ఆయన్ను వెతుక్కుంటూ కళాప్రియులు కొండగావ్ వచ్చేవారు.

మిగతా ఇళ్లకు అంత అవసరం లేదు. బొమ్మతోపాటు పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసిన చీటీ వెళ్తే చాలు. మధ్యవర్తికి మాత్రం అది నచ్చదు. రెండో ఆర్డరు నేరుగా కొలిమి దగ్గరికే వెళ్లిపోతుంది మరి.