వేయడమూ తీయడమూ

బంజారా, జూబిలీ కొండల నడుమ 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన నాటి నుండి ఆ ప్రాంతంలో తరచుగా జరిగే పని ఒకటి ఉన్నది. అది సెట్టు వేయడం, చిత్రీకరణ ముగిసిన పిమ్మట తీసివేయడం. వేసేటప్పుడు చూడవచ్చేవారు పలువురు. తీసేటప్పుడు చూచేవారు అరుదు. అయినా ఏ మేకు ఊడదీస్తే ఏ గోడ ఒరుగుతుందో ఎరిగినవాడే సిసలైన పనివాడు. కంప్యూటరు విషయంలోనూ ఇది అక్షరాలా నిజమని ఫిల్మ్ నగర్‌లోని ఒక చిన్న గ్రాఫిక్స్ గదిలో మేము కన్నులారా చూచినాము.

మా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడ మూడు నెలల పరీక్షాకాలం మీద పనికి కుదిరినాడు. తండ్రి దర్జీ. ఈ ఉద్యోగం నిలిస్తేనే చెల్లెలు కళాశాలలో చేరగలుగుతుంది. అతని ముందున్నది ఉబుంటు యంత్రం. నల్లని తెర మీద ఆజ్ఞలను టైపు చేసి సాఫ్ట్‌వేరును వేయాలి, తీయాలి.

ఉబుంటుకు మూలమైన డెబియన్‌ను ఇయాన్ మర్డాక్ 1993లో ప్రారంభించినాడు. నేడు అందులో 60 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నవి. ఏ ప్యాకేజీ వేటి మీద ఆధారపడినదో దానిలోనే వ్రాసి ఉంటుంది. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బ్లెండర్" అంటే చాలు, పెండ్లికి పిలిచిన పెద్దమనిషి పరివారంతో తరలివచ్చినట్లు, బ్లెండర్ తనకు కావలసిన వాటినన్నింటినీ వెంటబెట్టుకొని వస్తుంది.

సాగనంపడంలోనే చిక్కు ఉన్నది. "రిమూవ్" అంటే అతిథి వెళ్లిపోతాడు గాని, యంత్రంలో అతని కొరకు చేసిన అమరికల ఫైళ్లు మిగులుతాయి. "పర్జ్" అంటే అవి కూడా పోతాయి. అప్పటికీ హోమ్ ఫోల్డరులో దాగినవి అలాగే ఉంటాయి. ఎవరికీ అవసరం లేని పరివారాన్ని పంపివేయడానికి "ఆటోరిమూవ్" వేరుగా ఉన్నది.

మేము వెళ్లిన నాడు డిస్కు నిండిపోయినది. సాయంత్రానికి ఒక షాటు అప్పగించాలి.

"ఆ పైథాన్ మనకెందుకు? తీసెయ్" అన్నాడు పెద్ద పనివాడు.

కుర్రవాడు ఆజ్ఞ టైపు చేసినాడు. తొలగిపోబోయే వాటి జాబితా తెర నిండా పరుచుకున్నది. చివర అవునా, కాదా అన్న ప్రశ్న. ఉర్దూనైనా, తెలుగునైనా, ఇంగ్లీషునైనా పంక్తి వెంట వేలు పెట్టి చదవడం అతనికి చిన్ననాటి అలవాటు. తెర మీద కూడా అలాగే చదివినాడు.

"అన్నా, దీంతో డెస్క్‌టాప్ కూడా పోతుంది."

"మొత్తం చదివినావా?"

"చదివిన అన్నా."

పెద్దవాడు వంగి చూచి, మారుమాటాడక తానే "ఎన్" నొక్కినాడు. ఆటోరిమూవ్ చేసి, దిగుమతి చేసుకొన్న పాత ప్యాకేజీ ఫైళ్లను "ఆప్ట్ క్లీన్"తో తుడిచివేయగా కావలసినంత చోటు దొరికినది. షాటు వేళకు చేరినది.

2021లో లైనస్ సెబాస్టియన్ అనే కెనడా యూట్యూబు ప్రసారకునికి ఆ అదృష్టం లేకపోయినది. పాప్ ఓఎస్‌లో స్టీమ్ వేయబోగా, ముఖ్యమైనవి తొలగిపోతాయని యంత్రం హెచ్చరించి, ఒప్పుకోలు వాక్యాన్ని పూర్తిగా టైపు చేయమన్నది. ఆయన టైపు చేసినాడు. డెస్క్‌టాప్ మాయమైనది. దోషం ప్యాకేజీ కూర్పులోదే గాని, హెచ్చరిక కంటి ముందే ఉన్నది. ఆ తరువాత ఆప్ట్ నిర్మాతలు అటువంటి తొలగింపును మరింత కఠినం చేసినారు.

విద్యార్థులారా! ఆజ్ఞలు నేర్చుకొనడానికి ఒక పూట చాలు. అవి చూపే జాబితాను ఓపికతో చదవడం అలవరచుకొనడానికి మాత్రం ఏండ్లు పడుతుంది. ఆ అభ్యాసం తరగతి గదిలోనే మొదలు కావాలి. సందేహం కలిగినప్పుడు "సిమ్యులేట్" అనే గుర్తును ఆజ్ఞకు చేర్చండి. యంత్రం ఏమీ చేయక, చేయబోయేదంతా చెప్పి ఊరుకుంటుంది. ఆ చెప్పినదానిని తుదికంటా చదివిన పిమ్మటనే "వై" నొక్కండి.