గొంతు విప్పిన ఏడాది

2018లో చూసిన సినిమాల్లో మనసులోంచి పోకుండా నిలిచినవి ఏవని చూసుకుంటే నాకు నాలుగు తెలుగు సినిమాలు తేలాయి: రంగస్థలం, మహానటి, చి.ల.సౌ, కేరాఫ్ కంచరపాలెం. వీటికి తోడు తమిళంలో వచ్చిన 96. వసూళ్లు చూసో, తారల పేర్లు చూసో ఎంచుకున్నవి కావు. అయితే అయిదింటినీ పక్కపక్కన పెట్టుకున్నాక ఒక సంగతి తట్టింది. అన్నిటిలోనూ ఎవరో ఒకరి గొంతు అణిగి ఉంది. అది ఎలా బయటికి వస్తుంది, వస్తే వినే మనిషి ఉన్నాడా అన్నదే కథ.

రంగస్థలంలో చిట్టిబాబుకు సరిగా వినిపించదు. పొలాలకు ఇంజన్‌తో నీళ్లు తోడే పని అతనిది. చెవుడు గల కథానాయకుణ్ణి పెట్టి సుకుమార్ మొదట మనల్ని నవ్విస్తాడు. తర్వాత ఆ లోపాన్నే కథకు ఇరుసు చేస్తాడు. ముప్పై ఏళ్లుగా ప్రెసిడెంటుకు ఎదురు చెప్పే నోరు లేని ఊరది. చెవులు బాగున్నవాళ్లందరూ అప్పుల భయంతో విననట్టే బతుకుతుంటే, వినపడని ఒక్కడు ప్రెసిడెంటుకు ఎదురు నిలిచిన అన్న వెనక నిలబడతాడు. రామ్‌చరణ్ ఇంత ఒదిగి నటించడం నేను ఇదివరకు చూడలేదు. కళ్లు ఎదుటివాడి పెదవుల మీద నిలిపి మాట పట్టుకునే ఆ తీరు, గోదావరి యాసలోని ఆ సాగతీత, అన్నీ ఆ మనిషివే అనిపిస్తాయి. పాటలన్నీ చంద్రబోస్ రాశారు. దేవిశ్రీప్రసాద్ బాణీలకు ఊరి మట్టి వాసన అబ్బింది.

మహానటిని అందరూ సావిత్రి కథగానే చూశారు. చూడాల్సిందే. కీర్తి సురేష్ సావిత్రిని అనుకరించే ఉచ్చులో పడకుండా, ఆ మనిషి మనసును పట్టుకుంది. 1957 నాటి మాయాబజార్‌లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి ఆడిన సన్నివేశాన్ని మళ్లీ తీయడానికి ఎంత గుండె కావాలి! కానీ నన్ను ఎక్కువగా కదిలించింది ఆ కథను వెతుక్కుంటూ వెళ్లే విలేకరి మధురవాణి. ఆమెకు నత్తి. పత్రికాఫీసులో ఆమెకు దక్కేవి చిన్న పనులే. కోమాలో ఉన్న నటి గురించి నాలుగు ముక్కలు రాసుకు రమ్మంటే వెళ్లి, పలుకే ఆగిపోయిన ఆ నటి బతుకంతా తవ్వి తీస్తుంది. ఆ దారిలోనే తన మనసులో మాట చెప్పుకునే ధైర్యం కూడగట్టుకుంటుంది. నాగ్ అశ్విన్ ఈ పాత్రను కల్పించకపోయి ఉంటే మహానటి ఒక గొప్ప జీవితచరిత్ర దగ్గర ఆగిపోయేది. ఆ పాత్ర వేసిన సమంత వల్ల అది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అందిన ధైర్యం కథ అయింది.

చి.ల.సౌ చిన్న సినిమా. రాహుల్ రవీంద్రన్‌కు దర్శకుడిగా మొదటిది. ఒక రాత్రి, ఒక పెళ్లిచూపులు. తండ్రి పోయాక ఇల్లంతా తన భుజాల మీద వేసుకున్న అంజలి తన కష్టాన్ని, తల్లి మానసిక రోగాన్ని దాచకుండా చెప్పుకుంటుంది. అబ్బాయి వింటాడు, అంతే. మన సినిమాల్లో కథానాయకుడు కొట్టడం చూశాం, పాడటం చూశాం. ఒక ఆడపిల్ల చెప్పేది నోరు మూసుకుని వినడమే అతని మంచితనానికి రుజువు కావడం అరుదు. అందుకే ఇది నా జాబితాలోకి వచ్చింది.

నాలుగింటిలో మొదటి పీట కేరాఫ్ కంచరపాలెంకే వేస్తాను. వెంకటేష్ మహా విశాఖపట్నంలోని ఆ పేట మనుషులనే తెచ్చి తెర మీద నిలబెట్టాడు. బుర్ఖా చాటున కళ్లు తప్ప కనిపించని సలీమాను ప్రేమించే మద్యం దుకాణం కుర్రాడు, నలభై తొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లి కాని అటెండరు రాజు, బడిలో పాట పాడినందుకు తండ్రి ఆగ్రహానికి గురైన చిన్నారి సునీత. ఆ చిన్నపిల్ల గొంతు నొక్కినప్పుడు హాలంతా ఎలా నిశ్శబ్దమైందో నాకు తెలుసు. ఉత్తరాంధ్ర యాసను హాస్యానికి వాడుకోవడం మనకు అలవాటు. ఈ సినిమా ఆ యాసలోనే ప్రేమించింది, ఏడ్చింది, దేవుణ్ణి నిలదీసింది.

ఇక 96. బడి రోజుల్లో జాను పాడుతుంటే రామ్‌కు లోకం తెలియదు. అతను కోరిన ఒక్క పాటను మాత్రం ఆమె ఎన్నడూ పాడదు. రెండు దశాబ్దాల తర్వాత, ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు పాడుతుంది. వాళ్ల బడి ఉన్నది తంజావూరులో. అక్కడికి పదమూడు కిలోమీటర్ల దూరంలోనే తిరువయ్యారు. నా ప్రయాణం అక్కడికే, త్యాగరాజ ఆరాధనకు.

ఆరాధన జరిగేది పుష్య బహుళ పంచమి నాడు, 2019లో అది జనవరి 25న వచ్చింది. 1847లో త్యాగయ్య సిద్ధి పొందిన తిథి అది. ఆ ఉదయం కావేరి ఒడ్డున పందిట్లో గాయకులు, వాద్యకారులు బారులు తీరి కూర్చుంటారు. ముందు వేణువుల మీద భైరవి రాగ కీర్తన ఒకటి. తర్వాత నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో పంచరత్నాలు. పేరుమోసిన విద్వాంసులు, ఇంకా సాధన చేస్తున్న పిల్లలు ఒకే శ్రుతిలో కలుస్తారు. అయిదింటిలో మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. తమిళ దేశం నడిబొడ్డున అన్ని వందల గొంతుల్లో మన భాష మోగుతుంది.

ఈ ఉత్సవం నాకు ఆ ఏడాది సినిమాలకు కొనసాగింపులా కనిపించడానికి కారణం బెంగళూరు నాగరత్నమ్మ. దేవదాసి కులంలో పుట్టిన విదుషీమణి. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనమును 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించినది ఆమే. ఆ పుస్తకాన్ని అప్పటి ప్రభుత్వం నిషేధించింది. పాడుబడి ఉన్న త్యాగయ్య సమాధికి సొంత సొమ్ముతో గుడి కట్టించింది కూడా ఆమే. కట్టించిన ఆమెకే అక్కడ పాడే హక్కు లేదు. ఆరాధనలో ఆడవాళ్లు పాడరాదన్నారు. ఆమె ఊరుకోలేదు, ఆడవాళ్లతో వేరుగా ఆరాధన జరిపించింది. 1940 ప్రాంతంలో, అప్పటిదాకా విడివిడిగా ఆరాధన జరుపుతున్న వర్గాలన్నీ ఒక్కటయ్యాక స్త్రీల గొంతు కూడా ఆ పందిట్లోకి వచ్చింది. ఈనాడు అక్కడ మగ గొంతులతో కలిసి ఆడ గొంతులు శ్రీరాగం ఎత్తుకుంటున్నాయంటే ఆ మొండి మనిషి చలవే.

సునీత బడి వేదిక మీద పోగొట్టుకున్నది, జాను ఎన్నాళ్లో దాచుకున్నది, మధురవాణి కూడగట్టుకున్నది, నాగరత్నమ్మ పోరాడి సాధించింది. ఆ ఏడాది మన సినిమా ఆ పోరాటాన్ని గుర్తుపట్టింది. అందుకే దాన్ని మంచి ఏడాది అంటున్నాను.

మీలో ఎవరికైనా వీలుంటే తిరువయ్యారు రండి. సాహిత్యం ముందే నేర్చుకుని రండి. అక్కడి వాళ్లు మన భాషను ఏళ్ల తరబడి సాధన చేసి పాడుతున్నారు, మనం అర్థం తెలిసి పాడితే ఆ పాటకు నిండుదనం వస్తుంది. పంచరత్నాలు అయ్యాక దగ్గర్లోనే ఉన్న నాగరత్నమ్మ సమాధిని కూడా చూడండి. ఆరాధనకు వచ్చి ఆమెకు దండం పెట్టకుండా వెనుదిరగడం నా దృష్టిలో సగం యాత్రే.