పునర్ముద్రణ

నాలుగు వేల ఎనిమిది వందల రూపాయలు వెచ్చించి నేనొక ఆటబొమ్మ కొన్నాను. అరచేతిలో ఇమిడిపోయే బొమ్మ. అరవై ఎనిమిదేళ్ళ వయసున, పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి ఇదేమి వ్యసనమని మా ఇంటావిడ ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. అయినా ఆ కొనుగోలు వెనుక ఒక పాత బాకీ ఉన్నది.

1986లో నేను కోరుట్లలో పనిచేసేవాణ్ణి. ఆ ప్రాంతపు మగవారెందరో బొంబాయి మీదుగా దుబాయి, మస్కట్టు వెళ్ళేవారు. ఆడవారు ఇంటిపట్టున బీడీలు చేసేవారు. నా తరగతిలో కొందరు పిల్లలకు తండ్రి అంటే రెండేళ్ళకొకసారి వచ్చే పెట్టె. అందులోని అత్తరు, టేప్‌రికార్డరు, ఆటబొమ్మ.

ఒకనాడు ఏడవ తరగతికి ఆగమ, ఆదేశ సంధులు చెబుతున్నాను. ఆగమం మిత్రునివలె వచ్చి పక్కన నిలుచుంటుంది, ఆదేశం శత్రువువలె ఉన్నవాణ్ణి వెళ్ళగొట్టి తాను కూర్చుంటుంది అని వివరిస్తుండగా, రెండవ బెంచీ పిల్లవాడొకడు తలవంచుకొని ఏదో తిప్పుతున్నాడు. వెళ్ళి చూస్తే తాబేలు డొప్పవంటి చిన్న కారు. నేను చూస్తుండగానే వెనుక భాగాన్ని లాగాడు, కాళ్ళయినాయి. పక్కలనుండి చేతులు వచ్చాయి. తల లేచింది. కారు పోయి మరమనిషి నిలిచాడు. ఒక్క ముక్క కొత్తగా చేరలేదు, ఒక్క ముక్క తొలగిపోలేదు. సంధి పాఠానికి అంతకంటె చక్కని ఉదాహరణ వేరొకటి దొరకదని నాకు ఆనాడు తోచలేదు. లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేశాను.

వాడు రెండుసార్లు వచ్చి అడిగాడు. "సార్, మా బాపు తెచ్చిండు" అన్నాడు. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. పరీక్షలకు ముందే నాకు జగిత్యాల దగ్గరి పల్లెకు బదిలీ అయింది. తాళంచెవి ఒప్పగించి వెళ్ళిపోయాను. బొమ్మ సంగతి మరిచాను.

2018లో వచ్చిన 'బంబుల్‌బీ' చలనచిత్రాన్ని తరువాత మా మనుమడు ఇంట్లో చూపించాడు. పసుపుపచ్చని వోక్స్‌వాగన్ బీటిల్ కారు తెరమీద లేచి నిలబడగానే నాకు కోరుట్ల తరగతిగది కళ్ళకు కట్టింది. ఆ తరువాత ఒక పెళ్ళిలో పాత విద్యార్థులు కలిసినపుడు వాని గురించి విచారించాను. తండ్రి ఆ ప్రయాణం నుండి తిరిగి రాలేదట. అక్కడే పోయాడట. ఇక్కడికి కబురు మాత్రమే చేరిందట. అంటే, నేను తాళం వేసినది ఆ తండ్రి చేతి చివరి వస్తువుకు.

అప్పటినుండి ఆ బొమ్మ వంశవృక్షాన్ని చదవడం మొదలుపెట్టాను. జపానులోని టకారా సంస్థ 1974లో మైక్రోమాన్, 1980లో డయాక్లోన్ అనే బొమ్మల వరుసలను తెచ్చింది. 1983లో మైక్రోమాన్ వరుసలోనే ఈ చిట్టి కార్లు పుట్టాయి. 1984లో అమెరికాకు చెందిన హాస్‌బ్రో ఆ రెండు వరుసల నుండి బొమ్మలను ఏరి, ట్రాన్స్‌ఫార్మర్స్ అని కొత్త పేరు పెట్టి, ఒక్కొక్కదానికి ఒక కథ కల్పించి అమ్మింది. ఆనాటి పిల్లలు పెరిగి సంపాదనపరులైనాక పాత నమూనాలను మళ్ళీ తయారుచేసి అమ్మడం ఒక వ్యాపారమైంది. 2018 నుండి హాస్‌బ్రో అట్లా కొన్నింటిని అమెరికాలో తిరిగి విడుదల చేసింది. మన దేశంలో ఆటబొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. సుంకము, తెప్పించినవాని లాభము కలిసి నా చేతికి వచ్చేసరికి ధర అంతయింది.

పునర్ముద్రణ అంటే మా వంటివారికి పవిత్రమైన మాట. చెదలు తిన్న కావ్యం మళ్ళీ అచ్చయితే కావ్యం బ్రతికినట్లే, ఎందుకంటే కావ్యం కాగితంలో లేదు. బొమ్మ అట్లా కాదు. రూపం తిరిగివస్తుంది గాని, దానిని ఎవరు ఎవరి చేతిలో పెట్టారన్నది రాదు. ఈ భేదం తెలిసే కొన్నాను. పునర్ముద్రణ వలన ఇంకొక ప్రయోజనమున్నది గదా. మొదటి ముద్రణలోని తప్పులను ఒప్పుకొనడానికి చివర ఒక పుట దొరుకుతుంది.

ఆ విద్యార్థి ఇప్పుడు సిరిసిల్లలో సాంచాలు నడుపుకొంటున్నాడు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములుగారి ఊరది. చిన్న వస్తువు విలువ ఆ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. జగిత్యాల నుండి వేములవాడ మీదుగా బస్సులో వెళ్ళాను. సాంచాల చప్పుడులో మాట వినబడక ఇద్దరమూ బయటి అరుగుమీద కూర్చున్నాము. నెరసిన జుట్టుతో కాళ్ళకు దండం పెట్టాడు. నేను పొట్లం విప్పి చేతిలో పెట్టాను.

చాలాసేపు చూశాడు. చూపు బొమ్మమీద లేకుండానే వేళ్ళు వెనుక భాగాన్ని లాగాయి, చేతులు తీశాయి, తల లేపాయి. నలభై ఏళ్ళు కావస్తున్నా వేళ్ళు మరువలేదు.

"మంచిగున్నది సార్. గని మాది ఎర్రది."

నేను నిశ్చేష్టుడనయ్యాను. నా జ్ఞాపకంలో అది పసుపుపచ్చనిదే. ఇంటికి వచ్చి చూస్తే, 1984లో ఆ కారు పసుపుపచ్చలోనూ ఎరుపులోనూ కూడా అమ్మారని తెలిసింది. వాడే సత్యం. నా జ్ఞాపకానికి చలనచిత్రం రంగు వేసింది. వాని చేతినుండి లాక్కొన్న వస్తువు రంగైనా నేను సరిగా చూడలేదన్నమాట.

"తప్పు చేశాను, నాయనా" అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక విద్యార్థితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"అప్పుడు మీరు నన్ను కొట్టలే సార్. కొడితే మర్చిపోతుంటి" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. లోపలికి కేకవేసి చాయ్ తెప్పించాడు. బొమ్మను మళ్ళీ కారుగా మడిచి అంగీ జేబులో వేసుకొన్నాడు.

బస్సు ఎక్కించడానికి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి అన్నాడు: "సార్, ఎర్రది యాడన్న కనబడితే నాకు చెప్పున్రి. మీరు కొనకున్రి. నేనే కొనుక్కుంట."