నాన్నకు పంపిన లింక్

మా నాన్నకీ నాకూ మధ్య మాటలు రెండే రకాలు. ఒకటి, "తిన్నావా?" రెండు, సైన్స్ వార్తలు.

నవ్వకండి, నిజంగా అంతే. ఇంటర్‌కే హాస్టల్‌కి వెళ్లిపోయాను. తర్వాత ఇంజినీరింగ్, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం. చీరాలలో ఉన్న అమ్మకి ఫోన్ చేస్తే గంట తెలిసేది కాదు. అదే నాన్న తీస్తే, "తిన్నావా? సరే, అమ్మకిస్తున్నా." మొత్తం ఇరవై సెకన్లు.

ఆ ఇరవై సెకన్లని పొడిగించింది చంద్రయాన్. 2019 సెప్టెంబర్ 7, తెల్లవారుజాము. విక్రమ్ ల్యాండర్ చంద్రుడి నేలకి రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉండగా సిగ్నల్ పోయింది. టీవీలో అందరి మొహాలూ వాడిపోయాయి. రూమ్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఫోన్‌లో చూస్తున్నా. రెండు దాటాక నాన్న నుంచి కాల్! తనంతట తాను నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"చూశావా?"

"చూశా నాన్నా."

"సిగ్నలే పోయిందా? బండే పోయిందా?"

ఆ రాత్రి అరగంట మాట్లాడుకున్నాం. అప్పటి నుంచి అదో అలవాటైపోయింది. ఏ కొత్త వార్త కనిపించినా నాన్నకి లింక్ పంపడం, ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టడం, రాత్రికి ఫోన్‌లో దాని మీద చర్చ. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ నుంచి ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీ దాకా అన్నీ మాకు కావాలి. మాకేమైనా తెలుసా అంటే, పెద్దగా ఏం తెలీదు. నేను టెస్టింగ్ ఇంజినీర్‌ని. నాన్న ఐటీఐ చేసి, ముప్పై ఏళ్లు కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. కానీ మాట్లాడుకోవడానికి డిగ్రీలెందుకండీ?

2023 జులై చివర్లో మా చర్చలకి పెద్ద పండగొచ్చింది. అప్పటికే చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి బయల్దేరింది. ఇంతలో దక్షిణ కొరియా నుంచి ఎల్‌కే-99 వార్త. సీసం, రాగి, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిపి కొలిమిలో కాల్చి ఒక నల్లటి రాయిలాంటిది చేశారట. మామూలు గది వేడిలోనే అది సూపర్ కండక్టర్‌లా పనిచేస్తుందట.

సూపర్ కండక్టర్ అంటే కరెంటుని ఏ అడ్డూ లేకుండా పోనిచ్చే పదార్థం. మన ఇంటి తీగల్లో కొంత కరెంటు వేడి రూపంలో పోతుంది. ఇందులో ఆ నష్టం ఉండదు. ఇలాంటివి ఉన్నాయని 1911 నుంచే తెలుసు. కానీ అప్పుడు పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిస్తేగానీ ఆ గుణం బయటపడలేదు. ఇప్పటి ఎంఆర్ఐ యంత్రాల్లో కూడా అయస్కాంతాల్ని ద్రవ హీలియంతో చల్లగా ఉంచుతారు. అలాంటిది చల్లబరిచే పనే లేకపోతే? నాన్న ఉద్యోగం చేసినన్నాళ్లూ విన్న 'లైన్ లాస్' అనే మాటే ఉండదు!

ఊపిరి తిప్పుకోకుండా చెప్పా. నాన్న మొత్తం విని మూడు ప్రశ్నలేశాడు.

"వాళ్లు కాకుండా ఇంకెవరు చేసి చూశారు? ఎన్ని ఆంపియర్లు మోస్తుంది? తీగలా సాగుతుందా, పెళుసా?"

"అవన్నీ తెలీదు నాన్నా. కానీ వీడియో ఉంది. అయస్కాంతం మీద తేలుతోంది."

"మొత్తం తేలిందా?"

"ఒక కొస ఆనుకునే ఉందనుకో..."

"ఆనుకుంటే తేలడం అనరమ్మాయ్. నిలబడటం అంటారు."

నాకు కోపమొచ్చింది. ప్రపంచమంతా పండగ చేసుకుంటుంటే ఈయనొకడు! కానీ ఆగస్టు సగానికల్లా విషయం తేలిపోయింది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్లు చేసి చూస్తే ఆ గుణం కనిపించలేదు. చైనాలో చూస్తే, కరెంటుకి అడ్డు ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించడానికి కారణం అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ అనే మలినమని తేలింది. ఆ సగం తేలడం మామూలు అయస్కాంత గుణమే. జర్మనీలో మలినం లేని స్ఫటికం చేసి చూశారు. అది సూపర్ కండక్టర్ కాదు సరికదా, ఇన్సులేటర్!

ఈ ముక్క చెప్పగానే నాన్న ఎంత నవ్వాడంటే పక్కగదిలోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఇన్సులేటరా? దానికి కొరియా దాకా ఎందుకే? స్తంభాల మీద పింగాణీవి బోలెడున్నాయిగా!"

నవ్వు ఆగాక ఓ మాట చెప్పాడు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఆ లైన్‌లో సప్లై ఆపేశాం, ఎక్కొచ్చు అని అటు నుంచి ఇచ్చే మాట. "మాటిచ్చారు కదా అని తీగ పట్టుకోకూడదు. ఎర్త్ రాడ్ వేసి మనం చూసుకోవాలి. అటువైపు వాడు మంచోడే. అబద్ధం చెప్పడు. కానీ వేరే లైన్ ఆపి, ఇదే ఆపాననుకుని ఉండొచ్చు. వెనక నుంచి ఎవరి జనరేటరో తన్నొచ్చు. పోయేది మన ప్రాణం."

ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి విక్రమ్ దిగింది. వీడియో కాల్‌లో నాన్న మైసూర్‌పాక్ నోట్లో పెట్టుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు. స్వీటు చూసి అమ్మ అరిచింది. నాన్నకి పన్నెండేళ్లుగా షుగర్.

అసలు నేను చెప్పాలనుకున్నది ఆ షుగర్ గురించే.

2024 సెప్టెంబర్ చివర్లో ఓ సాయంత్రం. అమీర్‌పేటలో మెట్రో మారుతున్నా. ఫోన్‌లో ఒక హెడ్డింగ్ కనిపించింది. షుగర్ జబ్బుని నయం చేసిన చైనా శాస్త్రవేత్తలు, స్టెమ్ సెల్స్‌తో చికిత్స అని సారాంశం. హెడ్డింగ్, కింద రెండు లైన్లు చదివా. ట్రైన్ వచ్చేసింది. "నాన్నా, గుడ్ న్యూస్! ఇంక మాత్రలకి టాటా" అని రాసి లింక్ కొట్టేశా.

నాన్న నుంచి ఒకటే మాట వచ్చింది. "సంతోషం."

ప్రశ్న లేదు. ఎవరు చేసి చూశారని అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్లా. గుమ్మంలో నాన్నని చూసి గుండె గుభేల్మంది. బుగ్గలు లోపలికి పోయాయి. బెల్టుకి కొత్తగా రెండు కన్నాలు పొడిచాడు. రాత్రి నాలుగైదుసార్లు లేచి బాత్రూమ్‌కి వెళ్తుంటే చప్పుడు వినిపించింది. తెల్లారి అరిసెలు వత్తుతూ అమ్మ మెల్లగా చెప్పింది.

"వినాయక చవితి ముందే డాక్టరు గారు ఇన్సులిన్ మొదలెట్టాలన్నారే. మాత్రలు ఇంక చాలవన్నారు. ఈయన కొంతకాలం చూద్దామన్నారు. తర్వాత అదేదో కొత్త వైద్యం వచ్చిందంటగా, నువ్వే పంపావంటగా. అది ఇక్కడికొచ్చేదాకా ఆగుతానని కూర్చున్నారు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

బీరువాలో రిపోర్ట్ తీసి చూశా. హెచ్‌బీఏ1సీ 10.8. దాదాపు మూడు నెలల షుగర్ సగటు ఎలా ఉందో చెప్పే పరీక్ష అది. మామూలుగా షుగర్ ఉన్నవాళ్లకి 7 దగ్గర ఉంచుకోమంటారు.

ఆ రాత్రి డాబా మీద కూర్చుని, నాలుగు నెలల కింద నేను పంపిన వార్తని మొదటిసారి చివరిదాకా చదివా. వార్త అబద్ధం కాదు. చైనాలోని తియాన్‌జిన్‌లో 25 ఏళ్ల అమ్మాయి. ఆమె కొవ్వు కణాలనే తీసుకుని, రసాయనాలతో స్టెమ్ సెల్స్‌గా మార్చి, వాటి నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపుల్ని పెంచి, పొట్ట కండరాల దగ్గర పెట్టారు. మూడు నెలలు తిరక్కుండానే ఆమెకి బయటి ఇన్సులిన్ అవసరం లేకపోయింది. అద్భుతమే. కానీ ఆమెది టైప్-1. నాన్నది టైప్-2. అంతకుముందు టైప్-2 ఉన్న ఒక 59 ఏళ్లాయనకి షాంఘైలో ఇలాంటిదే చేశారు. అదీ ఒక్కరికే. పైగా ఆమెకి ముందే కాలేయ మార్పిడి జరిగింది. ఆయనకి కిడ్నీ మార్పిడి జరిగింది. కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందులు ఇద్దరూ అప్పటికే మింగుతున్నారు. ఆ మందులు లేకపోతే ఈ కణాలు నిలుస్తాయో లేదో ఆ ఇద్దర్నీ చూసి చెప్పలేం.

ఇదంతా నేను పంపిన లింక్‌లోనే ఉంది. కిందకి ఇంకో మూడుసార్లు స్క్రోల్ చేస్తే కనిపించేది. ఉద్యోగంలో పొద్దున్నుంచీ ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతికేదాన్ని, నాన్న ఆరోగ్యం సంగతి కనీసం చదవకుండా పంపా.

పొద్దున్నే నాన్న డాబా మీదకి వచ్చాడు. కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఆయన ప్రశ్నలే ఆయన్ని అడిగా.

"ఎంతమందికి చేసి చూశారో తెలుసా నాన్నా?"

మాట్లాడలేదు.

"నీలాంటి వాళ్లకి చేశారా? చీరాలకి ఎప్పుడొస్తుంది?"

చాలాసేపు కాఫీ తాగుతూ ఉండిపోయాడు. తర్వాత అన్నాడు, "తెలీక కాదమ్మాయ్. ఎల్‌సీ లేకుండా ఎక్కేశాను. సూదంటే భయం కాదు. మా నాన్న ఇన్సులిన్ మొదలెట్టిన ఏడాదికే పోయాడు. ఆ సూది అంటే నాకు ఆఖరి మెట్టులా అనిపిస్తుంది. నువ్వు ఆ లింక్ పంపినరోజు, అమ్మయ్య, వంక దొరికింది అనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. తాతయ్య పోయింది ఇన్సులిన్ వల్ల కాదని, అప్పట్లో మరీ ముదిరాక మొదలెట్టడం వల్ల అయ్యుండొచ్చని చెప్పా. అంతకన్నా గట్టిగా చెప్పేంత తెలివి నాకు లేదు. అందుకని మాకు అలవాటైన పద్ధతిలోకి దిగా. ఓ సైన్స్ వార్త చెప్పా, కాకపోతే వందేళ్ల నాటిది.

1922 జనవరి. కెనడాలోని టొరంటో. లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడు షుగర్‌తో చావుకి దగ్గరగా ఉన్నాడు. జనవరి 11న మొదటిసారి ఒక మనిషికి ఇన్సులిన్ సూది వేశారు. సరిగ్గా పనిచేయలేదు. మందు శుద్ధంగా లేక ఒంటికి పడలేదు. కొలిప్ అనే ఆయన రాత్రింబవళ్లు కూర్చుని దాన్ని శుద్ధి చేశాడు. 23న మళ్లీ వేశారు. షుగర్ దిగింది. కుర్రాడు బతికాడు.

నాన్న లెక్కేసుకున్నాడు. "అంటే మొదటిది చంద్రయాన్-2, రెండోది చంద్రయాన్-3. పన్నెండు రోజుల్లోనా? మనకి నాలుగేళ్లు పట్టింది!"

"ఆ తర్వాత వందేళ్ల నుంచి ఎంతమంది చేసి చూశారో లెక్కే లేదు నాన్నా. దీనికి ఎల్‌సీ ఎప్పుడో వచ్చింది."

పండగ వెళ్లిన మర్నాడే హాస్పిటల్‌కి వెళ్లాం. డాక్టరు గారు ఇద్దర్నీ తిట్టారు. మొదటి సూది నేను వేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "లెవన్ కేవీ స్తంభం మీద వణకని చెయ్యి ఇది" అన్నాడు. కొంచెం వణికింది. నేను చూడనట్టు ఊరుకున్నా.

ఏప్రిల్‌లో పరీక్ష చేయిస్తే 7.6 వచ్చింది. కానీ కంటి డాక్టరు రెటీనాలో చిన్న చిన్న రక్తపు చుక్కలు ఉన్నాయన్నారు. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. "ఆ ఆగిన నెలల వల్లేనా?" అని అడిగా. "అలాగని చెప్పలేం, కాదనీ చెప్పలేం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ రాత్రిళ్లు గుర్తొస్తుంది.

మీలో చాలామంది ఇంట్లో న్యూస్ చానెల్ మీరే. అమ్మకి, తాతయ్యకి, పెద్దమ్మకి వార్తలు మీ ఫోన్ నుంచే వెళ్తాయి. వాళ్లు నమ్మేది ఆ పత్రికని కాదు, మిమ్మల్ని. "మా అమ్మాయి పంపింది" అనే మాట ముందు ఏ డాక్టరు మాటా నిలబడదు. అలాగని నేను పంపడం మానేయలేదు. మానేస్తే మళ్లీ ఇరవై సెకన్లకి పడిపోతాం. ఇప్పుడు చివరిదాకా చదువుతా. ఎలుకల మీద చేశారా, మనుషుల మీదా? ఎంతమంది మీద? వేరేవాళ్లు చేసి చూశారా? లింక్ కింద ఇవి నాలుగు ముక్కల్లో రాసి పంపుతా. సమాధానం దొరక్కపోతే "ఇంకా ఎల్‌సీ రాలేదు నాన్నా" అని రాస్తా.

మొన్న నాన్నే ఫోన్ చేశాడు. రిటైరైన వాళ్ల గ్రూప్‌లో ఎవరో షుగర్‌ని తగ్గించే ఆకు కషాయం వీడియో పెట్టారట. ఈయన తన మూడు ప్రశ్నలూ అక్కడ వేశాడట. పెట్టినాయన అలిగి గ్రూప్‌లోంచి వెళ్లిపోయాడట.

"ఎన్ని ఆంపియర్లు అని కూడా అడిగావా ఏంటి నాన్నా?"

నవ్వాడు. తర్వాత మామూలే. "తిన్నావా?"

"తిన్నా. నువ్వు సూది వేసుకున్నావా?"

"ఆఁ, వేసుకున్నా."

ఇప్పుడు మా మధ్య మాటలు మూడు రకాలు.