వేడినీళ్ల లెక్క

కొండ దిగి రుషికొండ చుట్టుపక్కల హోటళ్లలోనో, కట్టుబడి పనుల్లోనో, కాలేజీల్లోనో చేరిన మన పిల్లలు గది అద్దెకు తీసుకోగానే కొనేది వాటర్ హీటర్ రాడ్డు, ఆ తర్వాత కరెంటు పొయ్యి. గ్యాసుకైతే కాగితాలు అడుగుతారు. కరెంటుకు ప్లగ్గు చాలు. నేను మాత్రం నా గదిలో గ్యాసే పెట్టుకున్నాను. ఊళ్లో అమ్మకూ అదే పెట్టించాను.

డబ్బు లెక్క చూస్తే కరెంటు తీసిపోయేదేమీ కాదు. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లను ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ పడుతుంది. గ్యాసు పొయ్యి మీదైతే సుమారు 60 గ్రాములు. నెలకు ముప్పై బకెట్లంటే 15 యూనిట్లు, లేదా రెండు కిలోల లోపు గ్యాసు. ప్రభుత్వ రేటు ప్రకారం బిల్లు కడితే కరెంటే చౌక. ఇంటి యజమాని సబ్‌మీటరు పెట్టి తన రేటు వేస్తే ఆ లాభం పోతుంది.

అయినా నేను చూసింది డబ్బు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. పరవాడలో 2000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం ఉన్న ఊరే ఇది. స్తంభాలు పడిపోయాక మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు పొయ్యిల వాళ్లు బియ్యం ఉండీ పస్తున్నారు. సిలిండర్ ఉన్న ఇంట్లో ఉడికిన గంజి పక్క గదులకూ వెళ్లింది.

మన ఊళ్లలో తుపాను కూడా అక్కర్లేదు. గాలివానకు చెట్టుకొమ్మ విరిగి తీగ మీద పడితే చాలు. కరెంటు ఉన్నా ఓల్టేజీ ఉండదు. 230 ఓల్టుల దగ్గర ఇచ్చే వేడిలో 170 ఓల్టుల దగ్గర రాడ్డు సగమే ఇస్తుంది. బడికి పోయే పిల్లకు నీళ్లు కాగేసరికి గంట కొట్టేస్తారు.

గ్యాసుకూ చిక్కులున్నాయి. బండి రాని ఊరికి 14.2 కిలోల గ్యాసు, దానితోపాటు ఇనుప బండ బరువు భుజాన మోయాలి. ఐదు కిలోల చిన్న సిలిండర్ మనకు నయం. 2024 నవంబరులో మొదలైన దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. కానీ రోడ్డు నుంచి ఇంటిదాకా మోత మాత్రం మనదే. గ్యాస్ గీజరును తలుపులు మూసిన స్నానాలగదిలో పెడితే వాసన లేని విషవాయువు ప్రాణం తీస్తుంది. దాన్ని గాలి ఆడే చోట, బయట పెట్టాలి.

పొయ్యి బిగించిన రోజున అమ్మ అడిగింది: "దీని కాడ కూకుంటే సలి పోద్దా?" పోదు. చలి కాచుకోవడానికి గ్యాసు పొయ్యి వాడనేకూడదు. మా ఇంట్లో కట్టెల పొయ్యి చుట్టూ అందరం కూర్చుంటాం. దాని పైనున్న అటక మీద మొక్కజొన్న కంకులు ఆరతాయి. ఆ పనులు గ్యాసు చేయదు. అందుకే ఆ పొయ్యి తీయలేదు. వంటా వేడినీళ్లూ గ్యాసుకు మారాయి. అమ్మ కళ్లకు పొగ తగ్గింది, అడవి నుంచి తెచ్చే మోపులూ తగ్గాయి.

మాస్టార్లకు ఒక మాట. ఈ బకెట్టు లెక్కను పిల్లలచేత వాళ్ల ఇంటికే వేయించండి. కరెంటు ఎన్ని గంటలు ఉంటోంది, సిలిండర్ ఎక్కడిదాకా వస్తోంది, కట్టెలు ఎవరు మోస్తున్నారు అన్నవి కూడా రాయించండి. ఆ మోసేవాళ్ల మోత తగ్గించేది ఏదో అదే ఆ ఇంటికి తగిన పొయ్యి.